జానెడు అట్ట

బొంత ముక్కలు తెగేది కత్తెరతోనే. అవి ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చునేది మాత్రం అంతకుముందే కోసి పెట్టుకున్న ఒక అట్టముక్క వల్ల. ఆ అట్టను ఇంట్లోనే చేసుకునే పద్ధతి గురించే ఈ కథనం.

అమ్మ జాన 20 సెంటీమీటర్లు. నాది 18. ఈ తేడా తెలియక ఒక బొంత పాడుచేశాను.

పాతికేళ్ల కిందటి డిసెంబరు. హైదరాబాద్ విద్యానగర్‌లో మేడ మీద ఒక వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న పాత పంచెలు అడుగుకు, అమ్మ నూలు చీరలు పైకి అనుకుని ఇద్దరం కూర్చున్నాం. పైన నలుచదరపు ముక్కలు రావాలని నా ముచ్చట. అమ్మ బొటనవేలు, చిటికెనవేలు చాపి జాన పెట్టి, గోటితో గీకి, కత్తెర వేసుకుంటూ పోయింది. పని తొందరగా తెములుతుందని రెండో చీర నేను అందుకున్నాను. నేనూ జానే పెట్టాను. సాయంత్రం ముక్కలు వరసగా పరిస్తే అమ్మ వరస గోడను తాకింది. నా వరస మంచం కోడు దగ్గరే ఆగిపోయింది. వరసకు పది ముక్కలు, ముక్కకు 2 సెంటీమీటర్ల తేడా. లెక్క వేస్తే సరిగ్గా అమ్మ జానెడు తక్కువ.

"చెయ్యి మారితే కొలత మారదా బిడ్డా? ముందుగాల అట్ట కోసుకోవాల్సింది" అంది అమ్మ. బీరువా అడుగున దాచిన శుభలేఖల కట్ట విప్పి, వాటిలో పెద్దది తీసి, జాన పెట్టి, స్కేలుతో గీసి నలుచదరంగా కోసి నా చేతికిచ్చింది. అమ్మ లేదిప్పుడు. ఇప్పటికీ నేను బొంతకు కూర్చుంటే ఆ అట్టను చూసే కొలత తీసుకుంటాను.

పత్రికల్లో 'అతుకుల బొంత' అన్న మాట రోజూ కనిపిస్తుంది. పొసగని పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే అతుకుల బొంత. పొంతన లేని సినిమా కథ అతుకుల బొంత. ఈ పోలిక బొంతకు అన్యాయం చేస్తోందని నా గట్టి అభిప్రాయం. చక్కగా కుట్టిన బొంతలో అతుకు దగ్గరే బలం ఎక్కువ. అక్కడ బట్ట రెండు మూడు మడతలుగా ఉంటుంది, కుట్టు రెండుసార్లు పోతుంది. ఏళ్లు గడిచాక చినిగేది ముక్క నడుమ తప్ప అతుకు దగ్గర కాదు.

అడుగున ఒక పాత పంచె, నడుమ చిరిగిన చీరలు రెండు మూడు మడతలు, పైన కాస్త రంగు నిలిచిన ముక్కలు. లావు సూదితో, మరీ మందంగా ఉంటే దబ్బనంతో, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి గళ్లు గళ్లుగా కుట్టుకుపోతే బొంత. బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది దీని అక్కచెల్లెళ్లు. దూది నింపిన రజాయి వేరు. దానికి దూదేకే విల్లు కావాలి, ఆ పని తెలిసిన చేతులు కావాలి. బొంతకు ఇంట్లో ఉన్నవే చాలు. మన ఊరి చలికి బొంత సరిపోతుంది కూడా. జిల్లాల నుంచి ఉస్మానియాకు చదువుకొచ్చిన నా తోటి పిల్లల ట్రంకు పెట్టెల్లో అడుగున పుస్తకాలు ఉంటే పైన బొంత ఉండేది.

మరి పాత బొంతలకు అట్టలు వాడారా? మా అమ్మమ్మ వాడలేదు. ఆమెకు చెయ్యే కొలబద్ద. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు. మూడు బెత్తెళ్లు జాన. రెండు జానలు మూర. నాలుగు మూరలు బార. ఇప్పటికీ నల్లకుంట మార్కెట్లో పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేళ్ల కొస దాకా దండ సాగదీసి మూర లెక్కపెడుతుంది. పొట్టి చేతుల ఆమె దగ్గర కొంటే దండ పొట్టిగా వస్తుందని కొనేవాళ్లకూ తెలుసు.

ఒక్కరే కత్తిరించి ఒక్కరే కుట్టినన్నాళ్లూ చేతి కొలతతో ఏ ఇబ్బందీ లేదు. జాన పెద్దదైనా చిన్నదైనా బొంత మొత్తానికీ ఒకటే జాన కదా. రెండో చెయ్యి వచ్చి పక్కన కూర్చున్నప్పుడే చిక్కు. కూతురు, కోడలు, పక్కింటి అక్క, సెలవులకు వచ్చిన మనవరాలు తలా ఒక చీర అందుకుంటే తలా ఒక జాన. ఆ నలుగురూ కలిసి ఒకే బొంత కుట్టడానికి కావాల్సింది ఒకరి చెయ్యి అందరి దగ్గరా ఉండటం. అట్ట చేసే పని అదే.

కొలబద్ద లేకుండా కోసిన బొంతలు తక్కువ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాల ఊరు. అక్కడి ఆడవాళ్లు అరిగిన పని బట్టల్ని కంటి అంచనాతో కోసి కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్‌లోను, ఆ తరవాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోను గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు వేసింది. ఆ కంటి అంచనా ఏళ్ల తరబడి అదే పని చేస్తే వచ్చింది. ఏడాదికొక ఆదివారం సూది పట్టే మనకు అది లేదు. అందుకే అట్ట.

కాలికో ముక్క

ఈ పనికి విద్యానగర్ అంత అనువైన చోటు ఇంకొకటి ఉండదేమో. ఒకవైపు యూనివర్సిటీ, ఇంకోవైపు ఆస్పత్రులు, నడుమ జిరాక్స్ దుకాణాలు, బైండింగ్ దుకాణాలు. తార్నాక దాకా ఇదే వరస.

పీహెచ్‌డీ పూర్తయిన పిల్లలు థీసిస్ పట్టుకొచ్చే కాలంలో బైండింగ్ దుకాణం ముందు గట్టి అట్ట కత్తిరింపులు కుప్పగా పడి ఉంటాయి. మొదటిసారి అడిగినప్పుడు దుకాణంలోని అబ్బాయి వింతగా చూశాడు.

"ఏం జేస్తరక్కా గీ ముక్కలతోని?"

"బొంత కుడతా తమ్మీ. కొలత అట్టలకు."

"మా అమ్మ గూడ కుడ్తది గద" అని గోనెసంచిలోంచి వెడల్పు ముక్కలు ఏరి ఇచ్చాడు. వాటితో పాటు అట్టకు అతికించే బట్ట పేలికలూ వచ్చాయి. ఆ బట్టను వాళ్లు కాలికో అంటారు.

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. కాలికో అన్న పేరు కేరళలోని కాలికట్ నుంచి పుట్టింది. మన దేశం నుంచి ఓడలెక్కిన నూలు బట్టకు ఇంగ్లండ్‌లో అదే పేరు స్థిరపడింది. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు, మన కలంకారీ పనితనం, పడమటి దేశాల మంచాల మీదికీ ఒంటి మీదికీ చేరాయి. అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో ఈ బట్టను నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. చేతికి చిక్కిన అద్దకం బట్టలో చిన్న పేలికను కూడా పారెయ్యకుండా, పువ్వు పువ్వుగా కత్తిరించి మరో బట్ట మీద కుట్టుకునే విద్య అక్కడ పెరిగింది. వాళ్ల పాత బొంతల్లో మన తీరం నుంచి వెళ్లిన నూలు ఉందన్నమాట.

కాగితపు అచ్చు చరిత్ర కూడా ఆ కాలంలోనే కనిపిస్తుంది. 1718 అని తేదీ కుట్టి ఉన్న ఒక పట్టు ముక్కల దుప్పటి బ్రిటన్ క్విల్టర్స్ గిల్డ్ దగ్గర భద్రంగా ఉంది. దాని వెనక వైపు కాగితాలు అలాగే ఉండిపోయాయి. ఒక్కో ఆకారానికి కాగితం కోసి, బట్టను దాని మీదికి మడిచి కచ్చా కుట్టు వేసి, అంచుకు అంచు కలిపి కుట్టడం ఆ పద్ధతి. ఇలా కాగితాలు తియ్యకుండా మిగిలిపోయిన పాత దుప్పట్లలో ఉత్తరాలు, పద్దు పుస్తకాలు, పిల్లల కాపీ రాతలు బయటపడ్డాయి. ఎవరో బిడ్డ దిద్దిన అక్షరాలు బొంతలో దాగి అన్నేళ్లు బతికాయన్న సంగతి తెలిసినప్పటి నుంచి, జిరాక్స్ దుకాణంలో ఒకవైపు తప్పుగా అచ్చయిన కాగితాలను చూస్తే నాకు పారెయ్య బుద్ధి కాదు.

మళ్లీ అట్టల దగ్గరికొస్తే, బైండింగ్ అట్ట గట్టిది, ఎక్కువసార్లు గీయడానికి పనికొస్తుంది. శుభలేఖ నున్నగా, పలచగా ఉంటుంది, ఒక బొంతకు చాలు. దేవుడి బొమ్మ ఉన్న రేకు కొయ్యడానికి చాలామందికి మనసొప్పదు. నాకూ అంతే. దాన్ని పూజ గదిలో పెట్టి రెండో రేకు తీసుకుంటాను.

అన్నిటికన్నా మంచిది పాత ఎక్స్‌రే ఫిల్ము. ఇప్పుడు చాలాచోట్ల ఎక్స్‌రే సెల్‌ఫోన్‌కే వస్తోంది కానీ, ఏ ఇంట్లో అటక వెతికినా మామయ్య మోకాలో అత్తయ్య నడుమో ఒకటి దొరుకుతుంది. పెద్ద ఫిల్ము 14 అంగుళాలు, 17 అంగుళాలు ఉంటుంది. అది పాలియెస్టర్ కాబట్టి తడికి ఉబ్బదు, పెన్సిల్ రాపిడికి అంచు అరగదు. వెలుతురుకు ఎత్తి పడితే కింది బట్ట లీలగా కనిపిస్తుంది. చీర మీది నెమలిని సరిగ్గా ముక్క నడుమకు తేవాలంటే ఆ పారదర్శకతే కావాలి. ఫిల్ము మీద పేరు, వయసు రాసి ఉంటే ఆ మూల ముందుగానే కోసి చింపెయ్యండి.

కొయ్యడం

ఇక్కడ తొందర పనికిరాదు. అట్టలో జరిగిన పొరపాటు ముక్కముక్కకూ తిరిగొస్తుంది.

ముందు ఒక కొలత పద్ధతి ఎంచుకోండి, అంగుళాలో సెంటీమీటర్లో. మిషను కుట్టేవాళ్లు అంగుళాలు, సూత్‌లు అంటారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కుట్టుకు రెండు సూత్‌లు, అంటే పావు అంగుళం వదలాలి. బడి పిల్లల గ్రాఫు పుస్తకం సెంటీమీటర్లలో ఉంటుంది. పావు అంగుళం 6.35 మిల్లీమీటర్లు, గ్రాఫు మీద అది ఏ గీతకూ అందదు. రెండిటినీ కలిపితే ముక్కకు కాస్త చొప్పున తప్పు పోగవుతుంది. నేను సెంటీమీటర్లకే కట్టుబడి, కుట్టుకు 6 మిల్లీమీటర్లు వదులుతాను.

గ్రాఫు కాగితం మీద ఆకారం సన్నగా గీసి, దాని చుట్టూ 6 మిల్లీమీటర్ల దూరంలో ఇంకో గీత గీయండి. లోపలిది కుట్టు గీత, బయటిది కత్తెర గీత. దాన్ని అట్టకు అతికించేటప్పుడు మైదా ఉడికించిన జిగురు వాడొద్దు. తడికి కాగితం సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది, మీరు గీసిన పది సెంటీమీటర్లు పదిగా మిగలవు. గమ్‌స్టిక్ పలచగా రాసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. నిఘంటువులకు మా ఇంట్లో ఈ పని కూడా ఉంది.

పొద్దున్నే స్టీలు స్కేలు ఆనించి బ్లేడుతో కొయ్యండి. ఒక్క దెబ్బకు తెగాలని చూడకండి. గట్టి అట్ట అయితే నాలుగైదు సార్లు అదే గీత మీద తేలికగా లాగాలి. బట్టల కత్తెర మాత్రం దీని దరిదాపులకు రానీయొద్దు. కాగితం కత్తెర పదునును తినేస్తుంది. మిషను ఉన్న ఏ ఇంట్లోనైనా బట్టల కత్తెరతో కాగితం కోసిన పిల్లలు తిట్లు తిని ఉంటారు. ఆ తిట్లు న్యాయమైనవే.

కోసిన అట్టకు రెండు సేవలు చెయ్యాలి. అంచు పొడుగునా గోళ్ల రంగు సన్నగా పూస్తే గట్టిపడి, పెన్సిల్‌కు అరగకుండా ఉంటుంది. సెల్లో టేపు చుడితే వెడల్పు పెరుగుతుంది, అందుకే నేను టేపు మానేశాను. వెనక వైపు వడ్రంగులు వాడే ఉప్పు కాగితం ముక్క అతికిస్తే గరుకు బట్టను పట్టుకుంటుంది. పాత నూలు చీర మెత్తగా, జారుగా ఉంటుంది కదా, ఈ ఒక్క ముక్కతో సగం బాధ తీరుతుంది.

తరవాత బాణం గుర్తు. చాలామంది మరిచిపోయేది ఇదే. బట్టలో పడుగు ఉంది, పేక ఉంది. చీర అంచు పోయే దిక్కు పడుగు. ఈ రెండు దిక్కుల్లో లాగితే బట్ట సాగదు. మూలగా లాగితే, దర్జీలు క్రాసు అనే దిక్కులో, రబ్బరులా సాగుతుంది. బొంత బయటి అంచుకు క్రాసు వచ్చిందంటే ఎంత బాగా కుట్టినా ఆ పక్క అలలు అలలుగా లేస్తుంది. అందుకే ప్రతి అట్ట మీదా పడుగు ఎటో బాణం వెయ్యండి, కత్తిరించేటప్పుడు ఆ బాణాన్ని చీర అంచుకు సమంగా పెట్టండి. త్రిభుజానికి ఇది మరీ ముఖ్యం. దాని మూడు భుజాల్లో కనీసం ఒకటి క్రాసుకు పోక తప్పదు. అది లోపలి వైపుకు వచ్చి, మరో ముక్కకు కుట్టుపడేలా చూసుకోవాలి.

త్రిభుజంలోనే ఇంకో చిక్కు. కుట్టాక భుజం పది సెంటీమీటర్లు ఉండే నలుచదరానికి అటు ఆరు, ఇటు ఆరు మిల్లీమీటర్లు కలిపి 11.2 సెంటీమీటర్లు కొయ్యాలి. అదే పది సెంటీమీటర్ల భుజాలున్న లంబకోణ త్రిభుజానికి కూడా 11.2 అనుకుంటే ముక్క పొట్టిదవుతుంది. దానికి 12 కావాలి. వాడిగా ఉన్న మూలల దగ్గర కుట్టు గీత, కత్తెర గీతల మధ్య దూరం ఎక్కువ కావడమే కారణం. లెక్క గుర్తుంచుకోనక్కర్లేదు. మూడు భుజాలకూ బయట 6 మిల్లీమీటర్ల గీత గీసి, ఆ గీతలను కలిసేదాకా పొడిగిస్తే 12 దానంతటదే వస్తుంది. నా మొదటి త్రిభుజాల బొంతలో రెండు భుజాలకే వదిలి, మూడోదాన్ని మరిచాను. రెండు చీరల ముక్కలు చెడ్డాయి.

మూలల్లో కుట్టు గీతలు కలిసే చోట సూదిని కాల్చి చిన్న చిల్లు పొడవండి. చిల్లులోంచి పెన్సిల్ చుక్క పెడితే ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో బట్ట మీద తెలుస్తుంది. ముదురు రంగు బట్టకు పెన్సిల్ కనిపించదు, అరిగిపోయిన తెల్ల సబ్బు పెచ్చు కావాలి. మొద్దు పెన్సిల్ గీత ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. రెండు వైపులా కలిపి ముక్కకు రెండు మిల్లీమీటర్లు, 22 ముక్కల వరసకు 4.4 సెంటీమీటర్లు. పెన్సిల్ చెక్కుతూ ఉండండి.

చివరికి పరీక్ష. ఆ అట్టతో నాలుగే ముక్కలు కోసి, కుట్టి, ఇస్త్రీ చేసి, స్కేలు పెట్టండి. నాలుగు ముక్కలు కలిసి 20 సెంటీమీటర్ల నలుచదరం రాకపోతే చీర మీద కత్తెర పెట్టకండి, అట్టను మళ్లీ కొయ్యండి. సరిగ్గా వచ్చిన అట్టను పక్కన దాచి, అందరికీ ఇచ్చే అట్టలన్నీ దాన్ని చూసే గీయండి. నకలును చూసి నకలు గీస్తే ప్రతిసారీ ఒక గీత మందం పెరుగుతుంది. దాచిన దాన్ని మేం తల్లి అట్ట అంటాం.

ఆరు మూలల లెక్క

నలుచదరం నేర్చినవాళ్ల చూపు తరవాత షడ్భుజి మీద పడుతుంది. మూలమట్టం, కోణమానిని ఏమీ అక్కర్లేదు, పిల్లల కంపాస్ బాక్సులో వృత్తలేఖిని చాలు. ఒక వృత్తం గీసి, వ్యాసార్థం మార్చకుండా చుట్టూ గుర్తులు పెడితే సరిగ్గా ఆరు పడతాయి. వాటిని కలిపితే క్రమ షడ్భుజి. పదో తరగతి పిల్లలకు తెలిసిన లెక్కే. తేనెటీగల గూడు ఆకారం కూడా ఇదే. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ఈ షడ్భుజులను పూల రేకుల్లా పేర్చిన బొంత ఇంటింటా కుట్టారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'అమ్మమ్మ పూలతోట'.

అయితే మొదలుపెట్టే ముందు ఎన్ని ముక్కలో లెక్కేసుకోవాలి. ఒకరు పడుకునే మంచానికి 150 సెంటీమీటర్ల వెడల్పు, 220 పొడవు చాలు. పది సెంటీమీటర్ల నలుచదరాలైతే 15 వరసలు, వరసకు 22, మొత్తం 330. భుజం 5 సెంటీమీటర్లున్న షడ్భుజులైతే సుమారు 510. ముద్దుగా ఉందని భుజం 2.5కు తగ్గిస్తే రెండు వేలు దాటుతాయి. భుజం సగమైతే ముక్కలు రెట్టింపు కావు, నాలుగింతలవుతాయి. ఎన్నో ఇళ్లలో సగం కుట్టిన షడ్భుజులు డబ్బాల్లో ఉండిపోవడానికి ఈ లెక్క ముందు వెయ్యకపోవడమే కారణం. మొదటిసారికి 5 సెంటీమీటర్లకు తక్కువ వద్దు.

1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ చక్రంలా తిరిగే కత్తి తెచ్చింది. అప్పటి నుంచి పడమటి దేశాల్లో అట్టలు మూలపడ్డాయి, గాజులా ఉండే ప్లాస్టిక్ స్కేళ్లు వచ్చాయి. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు అవే వాడుతుంది. వేగం నిజమే. నాలుగైదు పొరలు ఒక్కసారి తెగుతాయి. దుకాణంలో కొన్న కొత్త బట్టకు అది సరే. కానీ అరిగిన చీరలో ఒకచోట చిరుగు, ఒకచోట పసుపు మరక, ఒకచోట ఇంకా మెరుస్తున్న అంచు ఉంటాయి. అక్కడ ఒక్కో ముక్కకూ చోటు వెతుక్కుంటూ అట్టను జరపాలి. ఆ పనికి అట్టే మేలు.

మా వీధి నుంచి ఆస్పత్రి వైపు నడిచినప్పుడల్లా బోర్డు మీద దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు కనిపిస్తుంది. రాజమండ్రిలో 1909లో పుట్టిన ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. తరవాత అది ఇక్కడా వేళ్లూనుకుని ఆస్పత్రి అయింది, ఉస్మానియా ఆవరణలో ఆడపిల్లల కాలేజీ అయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు మళ్లీ చదువు చెప్పించే కోర్సుల కోసం పాటుపడ్డారు. ఆ చదువులో చేతిపనికీ చోటుండాలని నా కోరిక. విద్యానగర్, తార్నాక, అడిక్‌మెట్ కాలనీల్లో అపార్ట్‌మెంట్ సంఘాలకు మీటింగు హాళ్లు ఉన్నాయి, నెలలో చాలా రోజులు ఖాళీగానే ఉంటాయి. ఒక తల్లి అట్ట, నాలుగు నకళ్లు, ఇంటికొక పాత చీర ఉంటే పది మంది ఒక శీతాకాలంలో ఒక బొంత పూర్తి చెయ్యగలరు. హాస్టల్లో చలికి ముడుచుకునే పిల్లకు దాన్ని ఇవ్వొచ్చు.

చీరలు బీరువాలో ఉన్నాయి, అట్టలు అటక మీద ఉన్నాయి. తొందరగా చేజారేది కొలత. మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఈ ఆదివారం ఆమె చెయ్యి శుభలేఖ మీద చాపించి జాన గుర్తు పెట్టుకోండి. నలుచదరంగా కోసి, వెనక వైపు ఆమె పేరు, కొలత, తేదీ రాయండి. పెన్సిల్‌తోనే రాయండి. ఇంకు బట్టకు అంటుకుంటుంది.